పందెంలో శుక్రవారం

కాఫీ ఒలకబోసింది పాప్‌గారు. గుడ్డ తెచ్చి తుడిచింది సత్యదుర్గ. తుడిచినంతసేపూ తిట్లు తిన్నది కూడా ఆవిడే.

"కప్పు అక్కడ పెడితే చెయ్యి తగలదూ?" అన్నాడాయన.

కప్పు ఆయనది, కాఫీ ఆయనది, తగిలిన చెయ్యీ ఆయనదే. కార్తీక సోమవారం ఉపవాసంతో దుర్గ పొద్దుటి నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. అయినా పచ్చగుడ్డ మీది ఆట ముక్కలన్నీ ఒక్కొక్కటే ఎత్తి, పైట చెంగుతో ఒత్తి ఎండలో పరిచింది. ఆయన మెరుపు ముక్కల మీద ఒక్క చుక్క పడలేదు. తడిసినవన్నీ దుర్గవే.

పాప్‌గారంటే దుర్గ పనిచేసే ఇంటి నాన్సీ మేడమ్ తండ్రి. డెబ్భై ఆరేళ్ళవాడు, ఒక మోకాలు వంగదు. చలికాలం గడపడానికి అమెరికా నుంచి ఈ అరబ్బు దేశంలో, రిఫాలో ఉన్న కూతురింటికి వచ్చాడు. ఇంట్లో అందరూ ఆయన్ని పాప్ అనే పిలుస్తారు. అంత పెద్దవాణ్ణి వట్టి పేరుతో పిలవడానికి నోరు రాక దుర్గ దానికి గారు తగిలించింది. వాళ్ళిద్దరి మధ్య నడిచేది విరిగిన ఇంగ్లీషు, సగం సైగలు. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే చదివేవాళ్ళకే కష్టం కాబట్టి తెలుగులోనే చెప్పుకోవడం సుఖం.

ఆయన పెట్టెలో మందుల కంటే ఎక్కువగా వచ్చినవి ఆ బేస్‌బాల్ ముక్కలు. తన చిన్నప్పుడు చూయింగ్ గమ్ పొట్లాల్లో ఆటగాళ్ళ బొమ్మలు వచ్చేవట, వాటిని దాచుకోవడమే తప్ప ఆడటానికి లేదట. తరవాత పాచికలు వేసి ఆడే బేస్‌బాల్ వచ్చిందట. ఆయనా, చనిపోయిన ఆయన అన్నా ఒక శీతాకాలమంతా అదే ఆడారట. పోయినేడు ఒక కంపెనీ రెండూ కలిపింది. దాచుకునే బొమ్మతోనే ఆడొచ్చు, పొట్లం విప్పేదాకా ఏ ఆటగాడు దొరుకుతాడో తెలియదు. ఆయన ఆ పొట్లాలు డజన్లకొద్దీ కొన్నాడు. ఇప్పుడు ఆ ఆట ఆగిపోయిందని, కొత్త ముక్కలు ఇక రావని స్నేహితుడు ఉత్తరం రాసిన రోజున రెండు పూటలు అన్నం తినలేదు.

మెరిసేవన్నీ తను ఉంచుకుని, మామూలువి దుర్గ ముందుకు తోశాడు. ఎదురాడే మనిషి లేకపోతే ఆ ముక్కలు ఎందుకూ కొరగావు కదా. అంట్లు అయ్యాక, బట్టలు మడత పెట్టే ముందు రోజూ గంటసేపు ఆట. మేడమ్‌కి ఇది మహా సుఖంగా ఉంది, తండ్రి తన వెంట పడటం మానేశాడు.

దుర్గకి ఆ ఆట పట్టుబడటానికి వారం కూడా పట్టలేదు. గుడ్డ మీద నాలుగు గడులు. ఆటగాడు బయలుదేరిన గడి నుంచి మూడు గడులూ తిరిగి మళ్ళీ మొదటిచోటికి రావాలి. అష్టాచెమ్మాలో కాయ పండటం లాంటిదే. ఒకళ్ళు బంతి ముక్క, ఒకళ్ళు బ్యాటు ముక్క బోర్లా పెట్టి ఒకేసారి తిప్పుతారు. వేగం బంతికి గట్టిగా కొడితే ఎగిరిపోతుంది, నెమ్మది బంతికి గట్టిగా కొడితే తప్పిపోతుంది. ముగ్గురు చచ్చాక వంతు మారుతుంది. బ్యాటుని చిన్నగా తాకించే తట్టు ముక్క అని ఒక రకం ఉంది. అది వేస్తే కొట్టినవాడు చస్తాడు గానీ ముందున్నవాడు ఒక గడి జరుగుతాడు. పాప్‌గారికి ఆ ముక్కంటే అసహ్యం. దుర్గకి అదే ప్రాణం.

తన ఆటగాళ్ళ పేర్లు చదవడం రాక వాళ్ళకి ఊళ్ళో పేర్లు పెట్టుకుంది. బుగ్గలో ఏదో కుక్కుకుని నమిలే లావాటివాడు బుల్లబ్బాయి. మీసాలవాడు అచ్చిబాబు. బక్కపల్చగా ఉండి, ఎప్పుడూ పరుగుకి వంగి ఉండేవాడు లోవరాజు. పాప్‌గారు కూడా ఇప్పుడు లోవరాజు అనే అంటాడు, నాలుక తిరగకపోయినా.

ఆ మధ్యాహ్నం ముక్కలు ఎండుతుండగా వంటింట్లో ఫోను మోగింది. మనామాలో ఇంకో ఇంట్లో పనిచేసే వీరవేణి. ఇద్దరూ ఒకే విమానంలో దిగినవాళ్ళు.

"ఒసే దుర్గా, నాది ఖలాసే, పనైపోయింది. శుక్కురారం పన్నెండున్నర ప్లేనుకి ఎల్లిపోతన్నాను."

"అదేంటక్కా! ఇంకా రెణ్ణెల్లుందన్నావు?"

"మా మాడమోళ్ళే మకాం ఎత్తేత్తన్నారు. నువ్వు ముహర్రక్ ఎయిర్‌పోర్టుకొచ్చి కేసెట్టు నా సేతిలో పెట్టు. సాయికుమారికి నేనిత్తాను. మీ ఊరు దాటే కదా మా ఊరెల్లాలి."

సాయికుమారి దుర్గ కూతురు, హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. తన మాటలతో ఆ కేసెట్టు నింపడానికి దుర్గకి నెల పట్టింది. ఒక రోజు జుట్టుకి నూనె రాసుకోమని, ఒక రోజు లెక్కల పరీక్షకి భయపడొద్దని, ఒక రోజు ఏమీ తోచక ఇక్కడి గోడ మీది పిచిక గురించి చెప్పింది. ఇంతకు ముందు పోస్టులో పంపిన కేసెట్టు చేరనే లేదు. దానికంటే పెద్ద మాట ఇంకోటుంది. పద్నాలుగు నెలల్లో వీరవేణి మొహం చూసింది రెండుసార్లు, అదీ మేడమ్‌తో సూక్ బజారుకి వెళ్ళినప్పుడు. ఇప్పుడు చూడకపోతే మళ్ళీ ఎన్నేళ్ళకో.

"నాకు సెలవెవరిత్తారక్కా?"

"ఇవ్వడమేంటే? కాయితంలో ఉంది. ఏడో నెంబరు. నీదీ నాదీ ఒకే ఆఫీసోళ్ళు కొట్టిచ్చిన కాయితాలు. మా మాడమే సదివి సెప్పింది, శుక్కురారం నీదే ఏనీ అని."

దుర్గ పని ఒప్పందం కాయితం ట్రంకు పెట్టె అడుగున పట్టుచీర మడతలో ఉంది. కాయితమంటే ఎవరైనా అడిగితే చూపించడానికి దాచుకునేది అనుకుంది గానీ, మనం తీసి ఎవరినైనా అడగడానికి పనికొస్తుందని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు. ఫోను పెట్టేసి మేడమ్ దగ్గరికి వెళ్ళి, తలుపు పక్కన నిలబడి అడిగింది.

"ఈ శుక్రవారమా?" అంది నాన్సీ మేడమ్. "పన్నెండు మంది భోజనానికి వస్తున్నారు దుర్గా. సీమకోడి వండాలి. తరవాత చూద్దాం."

ఆ చూద్దాం దుర్గకి పద్నాలుగు నెలలుగా తెలుసు.

వరండాలోంచి పాప్‌గారు విన్నాడు. ఆయన కళ్ళు వెలిగాయి. పాపం, రోజులన్నీ ఒకేలా గడిచే మనిషి.

"పందెం కాద్దాం. రేపు, ఎల్లుండి, గురువారం, మూడు ఆటలు. రెండు నువ్వు గెలిస్తే శుక్రవారం నీది. నేను గెలిస్తే నాది."

"మేడమ్?" అంది దుర్గ అనుమానంగా.

"సరే, సరే," అని లోపల్నించి నవ్వింది మేడమ్.

మంగళవారం దుర్గ గెలిచింది. ఎండిన ముక్కలు చేతికి బిరుసుగా తగిలాయి, పట్టించుకోలేదు. అచ్చిబాబు మొదటి గడికి చేరగానే తట్టింది. రెండో గడి నుంచి మూడో గడికి మళ్ళీ తట్టింది. పాప్‌గారు మెరుపు వీరుల్ని దింపి ఆకాశానికి కొట్టబోయి ముగ్గుర్ని చంపుకున్నాడు. అయిదు వంతులు అయ్యేసరికి పండినవి నాలుగు ఆమెవి, రెండు ఆయనవి.

"ఇది బేస్‌బాల్ కాదు, పిరికి ఆట," అన్నాడు.

"పండింది కదా!" అంది దుర్గ. ఆ పూట చపాతీలు పొంగినట్టు ఎప్పుడూ పొంగలేదు.

బుధవారం ఆట తిరగబడింది. ఆమె తట్టు ముక్క ఎప్పుడు పెట్టినా ఆయన లోపలికి దూసుకొచ్చే బంతి పెట్టాడు. ఆ బంతికి తడితే కొట్టినవాడితో పాటు ముందున్నవాడూ చస్తాడు. ఒకసారైతే సరే. రెండుసార్లయితే అదృష్టం అనుకోవచ్చు. మూడోసారి కూడా లోవరాజు చచ్చేసరికి దుర్గ తలెత్తి చూసింది. పాప్‌గారి కళ్ళు ఆమె మొహం మీద లేవు, గుడ్డ మీదా లేవు. ఆమె పట్టుకున్న ముక్కల వీపుల మీద ఉన్నాయి.

ఆరుకి ఒకటితో ఆయన గెలిచాడు. ఈల వేసుకుంటూ మందు వేసుకున్నాడు.

అంట్లు కడిగి, చేతులు పొడిగా తుడుచుకుని, దుర్గ తన ముక్కల్ని దొంతిగా పేర్చి కంటి ఎత్తుకి తెచ్చి అంచు చూసింది. అరవై ముక్కల్లో మూడు ఉబ్బి, మిగిలినవాటి కంటే మందంగా ఉన్నాయి. లాగి చూస్తే మూడూ తట్టు ముక్కలే. వాటి వీపున కాఫీ మరక వడియమంత ఉంది.

ఒళ్ళు మండిపోయింది. ఆయన తొండి చేశాడని మాత్రమే కాదు, తను మూడు రోజులుగా వాటిని చేత్తో పట్టుకుని కూడా చూసుకోనందుకు.

సార్ చొక్కాలు ఇస్త్రీ చేయాల్సిన వేళ అది. బల్ల మీద దుప్పటి పరిచి, ఇస్త్రీపెట్టె మరని పట్టుబట్టల గుర్తు దాకా తగ్గించింది. తడిగుడ్డతో మరకల్ని మెల్లగా అద్ది, పాత దిండు గలీబు మడతలో ముక్కలు పెట్టి, పెట్టెని రుద్దకుండా ఊరికే ఆనించింది. రుద్దితే రంగు లేస్తుంది. పది అంకెలు లెక్కపెట్టి తీసి, వేడి మీదే మేడమ్ వంటల పుస్తకం కింద బరువు పెట్టింది. మూడే చేస్తే మళ్ళీ ఆ మూడే వేరుగా కనబడతాయి కదా. అందుకని అరవైకీ కాఫీ నీళ్ళు అద్ది, అరవైకీ ఇస్త్రీ పెట్టింది. చొక్కాలు ఆలస్యమయ్యాయి. పూర్తయ్యాక దొంతి అంచు మీద బొటనవేలు నడిపి చూసుకుంది, ఎక్కడా ఆగలేదు. అన్ని వీపులూ ఒకే లేత గోధుమరంగులో ఉన్నాయి.

గురువారం ఆటకి ముందే దుర్గ ఉల్లిపాయలు తరిగింది, రొట్టెముక్కలు నానబెట్టింది, సీమకోడికి ఉప్పూ మిరియాలూ పట్టించి ఫ్రిజ్‌లోకి ఎక్కించింది. తరవాత చేతులు కడుక్కుని కూర్చుంది.

పాప్‌గారు మొదటి ముక్క నుంచే తడబడ్డాడు. ఆమె చేతిలోకి చూస్తాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటాడు, మళ్ళీ చూస్తాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇక ఊహించి ఆడాలి. ఊహించడంలో ఆయన గొప్పవాడేమీ కాదు, అయినా మెరుపు ముక్కలు ఊరుకోవు కదా. అయిదో వంతుకి మూడూ మూడూ అయ్యాయి. ఆఖరి వంతు దుర్గది. ఒకడు చచ్చాడు. లోవరాజు మూడో గడిలో వంగి నిలబడ్డాడు. కొట్టేది బుల్లబ్బాయి. ఆమె చేతిలో తట్టు ముక్క ఉంది.

దాన్ని బోర్లా పెట్టింది. పాప్‌గారి చెయ్యి తన ముక్కల మీద అటూ ఇటూ తిరిగింది. ఏదీ ఎత్తలేకపోయాడు. ఉన్నట్టుండి చెయ్యి చాచి ఆమె చేతిలో మిగిలిన ముక్కల్లో ఒకటి లాక్కుని వెలుతురుకి పట్టుకున్నాడు.

"ఇస్త్రీ చేశావా?"

"చేశాను."

"ముక్కల్ని మార్చావన్నమాట! అంటే గుర్తులు పెట్టినట్టే. ఆట రద్దు. గెలుపు నాది. పుస్తకంలో ఉంది."

ఏ తగువు వచ్చినా ఆయన పుస్తకం అంటాడు. పసుపు అట్టతో చిన్న ఆట నియమాల పుస్తకం, ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. దుర్గకి చదవడం రాదని ఇద్దరికీ తెలుసు.

మేడమ్ టేబుల్ గుడ్డలు లెక్కచూసుకుంటూ అటుగా వచ్చింది. సంగతి విని నవ్వింది. "పోనీలే పాప్. ఎవరు గెలిచినా ఒకటే. పన్నెండు మంది వస్తుంటే రేపు నేను దుర్గని ఎలా పంపుతాను? ఏదో మీ సరదాకి సరే అన్నాను."

దుర్గ లేచి నిలబడింది. మూడు రోజులు ఆమె ఆ ముక్కలతో లేచి, ఆ ముక్కలతో పడుకుంది. వీళ్ళకది సరదా.

"తొండి!" అంది. తెలుగులోనే, గట్టిగా. "పచ్చి తొండి! కాఫీ ఒలకబోసింది నువ్వు. నా ముక్కల ఈపులు సూసి ఆడింది నువ్వు. నే సరిసేత్తే తప్పు నాదా? ఆటా నీదే, పుస్తకమూ నీదే, ఆకరికి శుక్కురారం కూడా నీదేనా?"

పాప్‌గారికి ఒక్క మాటా అర్థం కాలేదు గానీ, గారు పోయిందని మాత్రం అర్థమైనట్టే ఉంది. ముక్క కింద పెట్టేశాడు.

చిన్నప్పుడైతే తొండి జరిగినచోట సుద్దగీతలు చేత్తో చెరిపేసి లేచిపోయేవాళ్ళు. దుర్గ చెయ్యి కూడా గుడ్డ మీదికి వెళ్ళింది. లోవరాజు దగ్గర ఆగింది. చెరిపేస్తే ఆయనకే లాభం. ఉన్నదున్నట్టు వదిలేసి వంటింట్లోకి వెళ్ళింది.

పనంతా అయ్యాక గదిలో ట్రంకు తెరిచి కాయితం తీసింది. అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. ఏడు ఎక్కడుందో వేలితో వెతికి పట్టుకుంది. ఒకటిన్నర వరస, అంతే. దాన్ని చూస్తున్నకొద్దీ పాప్‌గారి మీది కోపం కాస్తా తన మీదికి తిరిగింది. తన వస్తువు తనే గుడ్డ మీద పెట్టి, దానికోసం మూడు రోజులు ఇస్త్రీలు చేసుకుంటూ ఆడింది. గెలిచి ఉంటే ఆయనకి దండం కూడా పెట్టి ఉండేది! ఆ దండం తల్చుకుంటే ఇంకా సిగ్గేసింది.

శుక్రవారం ఆరింటికే లేచి బల్ల సర్దింది, పళ్ళేలు పేర్చింది, సీమకోడిని ట్రేలో పెట్టి మూత వేసింది. ఎవరూ మాట అనడానికి లేకుండా చేసింది. ఎనిమిదింటికి స్నానం చేసి, పని గౌను కాకుండా నీలం చీర కట్టుకుని, కేసెట్టు చేతిసంచిలో వేసుకుని వరండాలోకి వచ్చింది. తండ్రీ కూతుళ్ళు టీ తాగుతున్నారు. పచ్చగుడ్డ మీద నిన్నటి ఆట కదల్లేదు. దాని పక్కన కాయితం పరిచింది.

"పాప్‌గారూ, మీ ఆటకి పుస్తకం ఉంది. నా పనికీ ఉంది. ఏడో నెంబరు చదవండి. పైకి."

పుస్తకం అనగానే ఆయన చెయ్యి అలవాటుగా కళ్ళద్దాల కోసం వెళ్ళింది. చదివాడు. "వారానికి ఒక రోజు, శుక్రవారం, పూర్తి సెలవు." ఆగి, ఇంకోసారి తనలో తనే చదువుకున్నాడు. "నాన్సీ, దీనికింద సంతకం ఎవరిది?"

"నాదే. ఏజెన్సీవాళ్ళ కాయితం పాప్, అందరూ పెడతారు." మేడమ్ మొహం ఎర్రబడింది. "దుర్గా, పదకొండింటికి అతిథులు వస్తారు. నువ్విప్పుడు గేటు దాటితే నేను ఏజెన్సీకి ఫోను చేయాల్సి వస్తుంది. వాళ్ళు నిన్ను తిప్పి పంపేస్తారు. ఆలోచించుకో."

దుర్గ పాస్‌పోర్టు సార్ బీరువాలో ఉంది. సాయికుమారి పరీక్షలు మార్చిలో. ఇవన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయి, రాలేదంటే అబద్ధం. అయినా కాయితాన్ని మడతల ప్రకారం మడిచి సంచిలో పెట్టుకుంది.

"చెయ్యండి మేడమ్. ఫోనులో ఏడో నెంబరు కూడా చదివి చెప్పండి. సాయంత్రం అయిదింటికి వస్తాను."

గేటు దాటి మొదటి మలుపు దాకా వెనక్కి చూడలేదు. మలుపు దాటాక సంచిలో కేసెట్టు ఉందో లేదో తడిమి చూసుకుంది.

రిఫాలో బస్సెక్కి, మనామాలో మారి, ముహర్రక్ ఎయిర్‌పోర్టుకి చేరేసరికి పదిన్నర. తాడుతో కట్టిన అట్టపెట్టె మీద కూర్చుని వీరవేణి అరటిపండు తింటోంది.

"ఎలా వదిలారే నిన్ను?"

"వదల్లేదక్కా. నేనే వచ్చేసేను."

వీరవేణి సగం పండు చేతిలో పట్టుకునే దుర్గని వాటేసుకుంది. ఇద్దరూ నవ్వుతూనే ఏడ్చారు. కేసెట్టు వీరవేణి జాకెట్లోకి పోయింది, సామానులో పెడితే నలుగుతుందని. గంటలో పద్నాలుగు నెలల మాటలు పట్టలేదు. లోపలికి పిలిచినప్పుడు వీరవేణి వెనక్కి తిరిగి, పోలీసు చూస్తుండగానే, "ఏడో నెంబరే!" అని అరిచింది.

అయిదింటికి దుర్గ గేటు తీసింది. వంటింట్లో తొట్టి నిండా అంట్లు, పొయ్యి మీద మాడిన ట్రే. నాన్సీ మేడమ్ జుట్టు ముడి ఊడిపోయి, చేతులకి సబ్బుతో నిలబడి ఉంది. దుర్గ ఆమెనే చూస్తూ ఆగింది.

"ఫోను చేశాను," అంది మేడమ్. "మూడుసార్లు. ఎవరూ ఎత్తలేదు. వాళ్ళకి శుక్రవారం సె..."

మాట మధ్యలో ఆపేసి కుళాయి పెద్దది చేసింది.

వరండాలో పాప్‌గారు గుడ్డ ముందే కూర్చుని ఉన్నాడు. పసుపు అట్ట పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. లోవరాజు మూడో గడిలోనే ఉన్నాడు. బోర్లా పెట్టిన ముక్క ఎక్కడిదక్కడే ఉంది.

"మొదటి నుంచి చివరిదాకా చదివాను," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "ఇస్త్రీ గురించి ఏమీ లేదు. నీ ముక్క తిప్పి చూడలేదు, ఒట్టు. కూర్చో. నా బంతి నేను పెట్టేశాను."

దుర్గ వేళ్ళు లాగాయి. ఆ ముక్క తిప్పితే ఏమవుతుందో తెలుసుకోవాలని ఆయన కంటే ఆమెకే ఎక్కువ ఆత్రంగా ఉంది. అయినా కుర్చీ లాగలేదు.

"రేపు, పాప్‌గారూ. అంట్లు అయ్యాక."

"ఒక్క ముక్కే కదా!"

"మీకది ఆటే. నాకు డ్యూటీలో భాగం. ఇవాళ డ్యూటీ లేదు."

మేడమ్ గుమ్మంలోకి వచ్చింది, చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "సరే, ఇవాళ్టికి అయిపోయింది. నీ స్నేహితురాలు వెళ్ళిపోయింది కదా. ఇక శుక్రవారాలు నీకెందుకు? ఎవరి దగ్గరికి వెళ్తావు?"

"ఎక్కడికీ వెళ్ళను మేడమ్," అంది దుర్గ. "పడుకుంటాను."

గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకుంది. చీర మార్చుకోకుండానే మంచం మీద వాలింది. వంటింట్లో గిన్నెలు చప్పుడవుతున్నాయి, ఎవరో వాటిని తోముతున్నారు. లేచి వెళ్ళాలని అలవాటుగా ఒక కాలు కదిలింది. దాన్ని మళ్ళీ దుప్పట్లోకి లాక్కుంది. గడియారం చూసింది. శుక్రవారం ఇంకా ఏడు గంటలుంది.